ర్యాంకు సంగతి తర్వాత, రాసేవాడేడీ?

ఏటా మే నెల మొదటి వారం వచ్చేసరికి మన టీవీల్లో ఒక తంతు మొదలవుతుంది. పారిస్‌లో రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ లెక్కలు కట్టి, పత్రికా స్వేచ్ఛలో ఏ దేశం ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది. ఒక చానల్ ఆ అంకెను నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తుంది. ఇంకో చానల్ "వాళ్ళెవరండీ మనకు మార్కులెయ్యడానికి?" అని చిందులు తొక్కుతుంది. నాలుగు రోజులు పోయాక ఐపీఎల్ గోలలో రెండు చానళ్ళూ ఆ ఊసే మరిచిపోతాయి. కాస్త అటూ ఇటూగా అమెరికా నుంచి మత స్వేచ్ఛ నివేదిక దిగుతుంది. దాని మీద మళ్ళీ అదే తంతు. వాదించే మొహాలు కూడా అవే.

మా రోజుల్లో ఈ ర్యాంకుల గొడవ లేదు. ఉన్నదల్లా పేపరు. అదీ పొద్దున్నే దొరికేది కాదు.

నేను అచ్యుతాపురం జంక్షన్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా పేపర్ల ఏజెన్సీ చేశాను. సంపాదకీయాలు రాసేంత చదువు నాకు లేదు. కానీ ఏ వార్త పడిన రోజున రిటర్నులు మిగిలేవి కావో, ఏ వార్త పడకూడదని ఎవరు ఎవరి గుమ్మం ఎక్కేవారో నాకు తెలుసు. పత్రికా స్వేచ్ఛ గురించి సణగడానికి ఈ మాత్రం అర్హత చాలనుకుంటాను. వినే ఓపిక ఉన్నవాళ్ళు వినండి. లేనివాళ్ళకు రీల్స్ ఉండనే ఉన్నాయి.

1974కు ముందు మాకు పేపరంటే విజయవాడ నుంచి రైల్లో వచ్చేది. అనకాపల్లి స్టేషన్లో కట్టలు దిగి, మునగపాక మీదుగా బస్సు టాపెక్కి మా జంక్షన్‌కు చేరేసరికి భోజనాల వేళ. ఆ సంవత్సరం ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు పెట్టారు. తెల్లారకుండానే పేపరు గుమ్మంలో పడటం మొదలైంది. అదెంత మార్పో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నిన్న రాత్రి యలమంచిలిలో జరిగింది ఇవాళ పొద్దున్న చదవడమంటే మాకు మాయాబజారే.

ఒక్క పేపరును ఊరంతా చదివేవారు. మంగలి షాపులో ఒకాయన పైకి చదివితే పదిమంది వినేవారు. వింటున్నవాళ్ళలో చదువు రానివాళ్ళే ఎక్కువ, ప్రశ్నలడిగేదీ వాళ్ళే. "ఆడెవడో కలెక్టరుకి అర్జీ ఇచ్చాడన్నావు. మరి కలెక్టరు ఏటన్నాడో రాయలేదేటి?" అని నిలదీసేవారు. ఇప్పటి ఎడిటర్లను అలా నిలదీసేవాడు ఒక్కడు కూడా లేడు. అందరూ ఫార్వర్డ్ చేసేవాళ్ళే.

ఓసారి ఒక పెద్దమనిషి మీద భూమి తగాదా వార్త పడింది. ఆయన మనుషులు తెల్లవారుజామున వచ్చి, కట్టలు కట్టలుగానే నా దగ్గర కొనేశారు. నాకేం, డబ్బు ముట్టింది. తొమ్మిది గంటలకల్లా ఊళ్ళో పేపరు లేదన్న కబురు పాకింది. ఇక చూడండి, సైకిళ్ళేసుకుని యలమంచిలి వెళ్ళి మరీ కొనుక్కొచ్చుకున్నారు. మామూలు రోజున పేపరు ముట్టనివాళ్ళు కూడా ఆ రోజు చదివారు. వార్తను మింగాలంటే అప్పట్లో అంత కష్టం, అంత ఖర్చు. ఇప్పుడైతే విలేకరికి ఒక ఫోను కొడితే సరిపోతుంది.

మా రోజులు సత్యకాలమని నేననను. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. ఢిల్లీలో పేపర్ల ఆఫీసులున్న వీధికి కరెంటు తీసేశారని మాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. మాకు తెలిసింది ఒక్కటే, కట్ట తేలికైపోయింది. పేజీల నిండా ఇరవై సూత్రాల పథకమే. ఎవరినీ అరెస్టు చేసినట్టు ఉండేది కాదు, ఎక్కడా ధర పెరిగినట్టు ఉండేది కాదు. మంగలి షాపులో చదివే ఆయన సినిమా ప్రకటనలు మాత్రం చదివి మడిచిపెట్టేసేవాడు. జులై 4న ఆర్‌ఎస్‌ఎస్‌నూ, జమాతే ఇస్లామీనీ, ఆనందమార్గ్‌నూ, నక్సలైటు సంఘాలనూ ఒకే దెబ్బకు నిషేధించారు. సర్వమత సమానత్వం అంటే ఏమిటో ఆ జాబితాలో చూశాం.

అప్పుడు మాకు నిజం చెప్పింది ఎవరనుకుంటున్నారు? లండన్ బీబీసీ. ఇంగ్లీషు వచ్చిన మాస్టారొకాయన రాత్రిపూట రేడియో చెవికి ఆనించుకుని విని, పొద్దున్న చెవిలో చెప్పేవారు. ఆ బీబీసీ మార్క్ టలీనే దేశంలోంచి పొమ్మన్నారు. వాషింగ్టన్ పోస్టు విలేకరినీ అలాగే పంపేశారు. జైళ్ళలో ఉన్నవాళ్ళ తరఫున లండన్‌లో, అమెరికాలో తిరిగి అక్కడి పత్రికలకు మొరపెట్టుకున్న మనవాళ్ళు ఎందరో ఉన్నారు. అప్పటి ప్రభుత్వం ఏమనేది? ఇది మా ఇంటి విషయం, పరాయివాళ్ళకేం పని అనేది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆనాడు పరాయివాడి పేపరును కళ్ళకద్దుకున్న పార్టీవాళ్ళే ఇవాళ అధికారంలో కూర్చుని అదే మాట, అదే స్వరంలో అంటున్నారు. ఆనాడు ఆ మాటన్న పార్టీవాళ్ళు ఇవాళ పారిస్ ర్యాంకు కాగితం పట్టుకుని ప్రెస్‌మీట్లు పెడుతున్నారు. కుర్చీలు మారాయి, అంతే. బయటివాడి నివేదిక చేదా తీపా అన్నది వాడేం రాశాడన్న దాన్నిబట్టి ఉండదు. మనం కుర్చీలో ఉన్నామా, కింద ఉన్నామా అన్నదాన్నిబట్టి ఉంటుంది.

సరే, ఆ ర్యాంకు సంగతే చూద్దాం. 2002లో మొదటిసారి ఆ జాబితా వేసినప్పుడు మన దేశం 80. అప్పుడు జాబితాలో దేశాలే 139. 2016కు 133 అయ్యాం. 2022లో 150, మరుసటి ఏడు 161. 2024లో 159, ఆ ఏడు పాకిస్తాన్ 152లో ఉండి మనకంటే పైన నిలబడింది. 2025లో 180 దేశాల్లో మనం 151, పాకిస్తాన్ 158. మా ఊరి టీకొట్టు దగ్గర దీన్ని క్రికెట్ స్కోరులా మాట్లాడుకున్నారు. పాకిస్తాన్‌ను దాటేశాం కదా, ఇంకేం కావాలి?

ఆ ర్యాంకు ఎలా వేస్తారో మా మనవరాలు చదివి చెప్పింది. రాజకీయం, చట్టం, డబ్బు, సమాజం, విలేకరి ప్రాణభద్రత అని అయిదు పద్దులున్నాయట. ఎందరిని చంపారో, ఎందరిని జైల్లో పెట్టారో లెక్క తీస్తారు. దానికి తోడు విలేకరులకూ, పండితులకూ, లాయర్లకూ పెద్ద ప్రశ్నపత్రం పంపి జవాబులు తీసుకుని మార్కులు కడతారు. "ఆళ్ళు అచ్యుతాపురంలో ఎవర్నేనా అడిగారేటే?" అన్నాను. "తాతయ్యా, మన మండలాన్ని ఎవరడుగుతారు?" అంది. అదే కదా నా బాధ. అడిగిన పండితులు ఢిల్లీలో, బొంబాయిలో ఉండేవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళ భయాలు వేరు, మా పూడిమడక దారిలో విలేకరి భయాలు వేరు.

ఆ మార్కులు సరిచెయ్యడానికి ఢిల్లీలో ఏం చేశారో చూడండి. 2020లో కేంద్ర సమాచార శాఖ ఇండెక్స్ మానిటరింగ్ సెల్ అని ఒక కమిటీ వేసింది, ర్యాంకు ఎందుకు పడిపోతోందో తేల్చడానికి. మా చిన్నప్పుడు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే గోడలకు సున్నం కొట్టించి, మొద్దు పిల్లల్ని ఆ రోజుకు ఇంటి దగ్గర ఉంచేసేవారు. అలా ఉంది వ్యవహారం. ఆ కమిటీలో సభ్యుడైన పి. సాయినాథ్ మాత్రం ఒప్పుకోలేదు. వి.వి. గిరిగారి మనవడాయన, పల్లెటూళ్ళు తిరిగి రాసినవాడు. విలేకరుల మీద పెట్టిన కేసుల సంగతీ, అరెస్టుల సంగతీ ముసాయిదాలో లేవని అసమ్మతి పత్రం రాసిచ్చాడు. ర్యాంకు కావాలా, స్వేచ్ఛ కావాలా అని ఒక్కడన్నా అడిగాడు, సంతోషం.

ఇక అమెరికావాళ్ళ సంగతి. 1998లో వాళ్ళు మత స్వేచ్ఛ మీద ఒక చట్టం చేసుకుని, తొమ్మిదిమంది సభ్యులతో ఒక కమిషన్ పెట్టుకున్నారు. ప్రపంచంలో ఏ దేశంలో ఎవరి మతానికి ఇబ్బందో ఏటా రాస్తుంది. 2020 నుంచి ఏటా ఇండియాను ఆందోళనకర దేశాల జాబితాలో పెట్టమని సిఫారసు చేస్తోంది. వాళ్ళ విదేశాంగ శాఖే ఇంతవరకూ ఆ మాట చెవిన పెట్టలేదు. వ్యాపారం, యుద్ధ విమానాలు, చైనా భయం, వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. మన విదేశాంగ శాఖ ఇది పక్షపాతమని ఏటా ఖండిస్తుంది. వాళ్ళు వచ్చి చూస్తామంటే 2016లో వీసాలు ఇవ్వలేదు. చూడనివ్వకుండా, సరిగ్గా చూడలేదనడం నాకు నచ్చలేదు. 2025 పత్రికా స్వేచ్ఛ జాబితాలో 57లో ఉన్న అమెరికా ఊరందరి మీదా పెత్తనం చెయ్యడమూ నచ్చలేదు. పెద్ద వయసులో ఇదొక సుఖం, రెండు వైపులా తిట్టొచ్చు.

బయటివాడి లెక్క ఎక్కడ తడబడుతుందో ఒక సంగతి చెబుతాను. 2000 జూన్‌లో ఒంగోలులో, తాడేపల్లిగూడెంలో చర్చిల్లో బాంబులు పేలాయి. అప్పటికే దేశంలో క్రైస్తవుల మీద దాడుల వార్తలు వస్తున్న కాలం. ఇది కూడా హిందూ సంఘాల పనే అని చాలామంది వెంటనే తేల్చేశారు. జులైలో బెంగళూరులో ఒక వ్యానులో బాంబు దానంతటదే పేలిపోయింది. అప్పుడు తీగ లాగితే దీన్‌దార్ అంజుమన్ అనే చిన్న శాఖ పని అని బయటపడింది. హిందువులకూ క్రైస్తవులకూ తగువు పెట్టడమే వాళ్ళ పథకం. 2001లో దాన్ని నిషేధించారు. మరి ఆ మధ్య నెలలో రాసినవాళ్ళ సంగతి? చర్చిలో బాంబు పేలడం నిజం, జనం భయపడటం నిజం. ఎవరు పేల్చారన్నది తేలాలంటే మాత్రం ఆ ఊళ్ళో తిరిగే విలేకరి ఒకడు కావాలి, తొందరపడని పోలీసు ఒకడు కావాలి.

2020 డిసెంబరులో విజయనగరం దగ్గర రామతీర్థంలో కొండ మీద కోదండరాముడి విగ్రహం తల నరికేశారు. మా వైపు ఎంతమంది ఏడ్చారో నాకు తెలుసు. మా అమ్మ ఉంటే అన్నం మానేసేది. మరి ఆ రోజుల్లో టీవీ ఏం చేసింది? ఏ పార్టీ నాయకుడు ఎవరికంటే ముందు కొండెక్కాడు, ఎవరి కారు మీద చెప్పు పడింది, ఇదే చూపించింది. నరికినవాడెవడు అన్న ప్రశ్న ఆ కొండెక్కే తొక్కిసలాటలో కింద పడిపోయింది.

మతం దగ్గర మా రోజులు బంగారమని చెప్పడానికి నాకు నోరు రాదు. గుళ్ళోకి ఎవరు వెళ్ళకూడదో ఊరికి తెలుసు, వెళ్ళకూడనివాళ్ళకు ఇంకా బాగా తెలుసు. దాన్ని లెక్కపెట్టడానికి ఏ కమిషనూ రాలేదు. ఉత్తరాంధ్రలో కెనడియన్ బాప్టిస్టు మిషను వాళ్ళు బడీ ఆసుపత్రీ పెడితే కొందరు వెళ్ళి చేరారు. చేరాక 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి అడ్డం వచ్చింది. క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. అందుకని సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఇంకో మతం. మొన్న 2025లో మన హైకోర్టు కూడా ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసులో అదే మాట చెప్పింది, మతం మారితే ఆ హోదా పోతుందని. దీని మీద కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసింది. చట్టం ఏమైనా చెప్పనీ, తన దేవుడెవరో రేషన్ కార్డు చూసి చెప్పాల్సిన మనిషి ఏ స్వేచ్ఛలో ఉన్నాడో ఏ ర్యాంకూ చెప్పలేదు.

అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. బౌద్ధుల గుహలు, స్తూపాలు. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వించి బయటికి తీశాడు. మా వైపు రాంబిల్లి మండలం కొత్తూరు ధనదిబ్బలు కూడా బౌద్ధులవే. మా రోజుల్లో కనుమ పండగకు జనం బొజ్జన్నకొండకు బండి కట్టుకుని వెళ్ళి, అక్కడో రాతిని రాక్షసుడి బొజ్జ అనుకుని రాళ్ళు వేసేవారు. బుద్ధుడి గుడి దగ్గర రాక్షసుణ్ణి కొట్టడం! వెయ్యేళ్ళ కింద ఇక్కడ ఒక మతం ఉండేదని ఊరు మరిచిపోతే అలా జరుగుతుంది. ఆ రాళ్ళు ఆపింది ఐక్యరాజ్యసమితీ కాదు, అమెరికా కమిషనూ కాదు. వారసత్వ కట్టడాల గురించి పట్టించుకునే ఇంటాక్ వాళ్ళూ, కొందరు ఊరివాళ్ళూ కలిసి ఏటా చెప్పీ చెప్పీ మాన్పించారు. ఆ ఓపిక ఇప్పుడెవరికుంది?

బయటివాడి చూపుకూ ఇంట్లో నిజానికీ మధ్య ఎంత దూరమో చెప్పే పాత సంగతి ఒకటుంది. మా నాన్న చెప్పేవాడు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం, మా స్వేచ్ఛకు ముప్పొచ్చింది కాపాడండని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి మొరపెట్టుకుంది. ఆ రాత్రే హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే రజాకార్లు దారికాచి నరికారు. ముస్లిం అయ్యుండీ రజాకార్లకు వ్యతిరేకంగా రాశాడని. సెప్టెంబరులో భద్రతా మండలి ఆ ఫిర్యాదు విన్నది ఎక్కడనుకున్నారు? పారిస్‌లోనే. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని పారిస్‌లో వాదించినవాళ్ళు కాచిగూడ సందులో రాసేవాణ్ణి బతకనివ్వలేదు. అప్పటి నుంచి ప్రభుత్వాలు స్వేచ్ఛ గురించి మాట్లాడితే నేను ముందు వాళ్ళ ఇలాకాలో రాసేవాడి సంగతి చూస్తాను.

చూస్తే ఏం కనబడింది? 1908లో విజయవాడలో స్వరాజ్య పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని తెల్లవాడు రాజద్రోహం కింద జైల్లో వేశాడు. సెక్షన్ 124ఏ. 2021లో మన రాష్ట్ర సీఐడీ టీవీ5, ఏబీఎన్ చానళ్ళ మీద పెట్టింది అదే సెక్షన్. సుప్రీంకోర్టు అడ్డుపడి, రాజద్రోహానికి హద్దులు గీయాల్సిన వేళయిందంది. 2007లో జీవో 938, 2019లో జీవో 2430. పేపరువాడు తప్పు రాశాడని శాఖల అధికార్లే కేసు పెట్టొచ్చన్న ఏర్పాటు. మొదటిదాన్ని విలేకరులు రోడ్డెక్కితే పక్కన పెట్టారు. రెండోది వచ్చినప్పుడు ప్రెస్ కౌన్సిల్ కదిలింది. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 కేబుల్లో మాయమయ్యాయి. 2024 జూన్‌లో మళ్ళీ మారాక సాక్షి, టీవీ9 మాయమయ్యాయి. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో అతిథి అన్న మాటకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేస్తే సుప్రీంకోర్టే బెయిలివ్వాల్సి వచ్చింది. ఆ అతిథి మాటను నేను సమర్థించను, వినడానికే అసహ్యం. కానీ ఒకడన్న మాటకు పక్కన కూర్చున్నవాణ్ణి పట్టుకెళ్తారా?

ఎవరి ప్రభుత్వంలో ఎక్కువ, ఎవరి ప్రభుత్వంలో తక్కువ అని నన్నడక్కండి. మా ఇంట్లో రిమోట్ నొక్కితే నల్లతెర ఎప్పుడెప్పుడొచ్చిందో గుర్తుంది. మా రోజుల్లో పెద్దమనిషి కట్టలు కొనేసేవాడు, ఇప్పుడు ఊరు ఊరంతటికీ ఒకే మీట.

1983లో శాసనమండలిలో గలభా జరిగిందని ఈనాడు శీర్షిక పెడితే, మాకు అగౌరవం చేశారని మండలి సంపాదకుణ్ణి పట్టుకురమ్మంది. ఆయన సుప్రీంకోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నాడు. 1985లో మండలే పోయింది. అప్పుడు మా జంక్షన్‌లో పేపరు కోసం తోసుకున్నారు. పేపరుకూ ప్రభుత్వానికీ తగువైతే జనం పేపరు వైపు నిలబడేవారు. ఇప్పుడు ఎవరి పేపరు వాళ్ళకుంది, ఎవరి చానల్ వాళ్ళకుంది. అవతలి పార్టీ విలేకరిని కొడితే ఇవతలివాడు చప్పట్లు కొడతాడు. పారిస్‌వాళ్ళ అయిదు పద్దుల్లో ఈ చప్పట్లకు పద్దుందో లేదో.

ఇక మా ఊరు. ఈ ప్రత్యేక ఆర్థిక మండలి, అదే సెజ్, రాకముందు అచ్యుతాపురమంటే జీడిమామిడి తోటలు, సరుగుడు, కొబ్బరి, పూడిమడక చేపలు. 2007 ప్రాంతంలో అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో వేల ఎకరాలు సెజ్ కింద పోయాయి. బట్టల ఫ్యాక్టరీలూ మందుల ఫ్యాక్టరీలూ వచ్చాయి. ఆడపిల్లలకు జీతాలొచ్చాయి, అది మంచే, కాదనను. 2022 జూన్‌లో బ్రాండిక్స్ సెజ్‌లో విషవాయువు పీల్చి వందలమంది ఆడపిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఆగస్టులో మళ్ళీ అదే. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మాలో సరిగ్గా మధ్యాహ్న భోజనాల వేళ పేలుడు జరిగి 17 మంది పోయారు. ఆ రోజు ఢిల్లీ నుంచి కూడా కెమెరాలొచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. మంత్రులొచ్చారు, కోటి రూపాయల పరిహారమన్నారు.

పదిహేడుమంది పోతే ప్రపంచం వస్తుంది. ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోతే ఎవరు రాస్తారు? అక్కడ మొదలవుతుంది అసలు కథ.

మా మండలం విలేకరి కుర్రాడొకడు సాయంత్రాలు నా దగ్గర కూర్చుంటాడు. డిగ్రీ చదివాడు, తెలుగు శుభ్రంగా రాస్తాడు. జీతం లేదు. లైన్ అకౌంట్ అని, అచ్చయినదాన్ని స్కేలుతో కొలిచి ఇంతని ఇస్తారు. ఆ డబ్బు పెట్రోలుకు చాలదు. పైగా ఆగస్టు 15కు, జనవరి 26కు, సంక్రాంతికి, ఎమ్మెల్యేగారి పుట్టినరోజుకు యాడ్లు తేవాలి, దానికి టార్గెట్. టార్గెట్ తేలేకపోతే బయటికే. ఓ రోజు ఫోనులో వార్త కొడుతున్నాడు. ఎవరో కార్మికుడు ఘాటుకు తట్టుకోలేక పడిపోతే అనకాపల్లి తీసుకెళ్ళారట. నేను వెనక నుంచి చూశాను. "ఓ ప్రైవేటు పరిశ్రమలో" అని ఉంది.

"అదేట్రా, కంపినీకి పేరు లేదా?" అన్నాను.

"ఉంది తాతా. రిపబ్లిక్ డే యాడ్ కూడా ఉంది" అన్నాడు.

వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ఇంట్లో తల్లీ, చదువుకునే చెల్లెలూ ఉన్నారు. వాణ్ణి ఎవరూ అరెస్టు చెయ్యలేదు, కొట్టలేదు, బెదిరించనైనా లేదు. అందుకే ఏ జాబితాలోనూ వాడు లేడు. పారిస్ లెక్కకు కత్తిపోటు అందుతుంది, ఎఫ్ఐఆర్ అందుతుంది. రాయకముందే వేలు దానంతటదే ఆగిపోతే అందదు.

కత్తిపోట్లు లేవనుకోకండి. 2014లో చిలకలూరిపేటలో ఆంధ్రప్రభ విలేకరి ఎం.వి.ఎన్. శంకర్‌ను కొట్టి చంపారు, విలేకరుల భద్రత చూసే న్యూయార్క్‌లోని సీపీజే సంస్థ జాబితాలో ఆ పేరుంది. 2019 అక్టోబరులో తుని దగ్గర తొండంగి మండలంలో ఆంధ్రజ్యోతి విలేకరి సత్యనారాయణను ఇంటి దగ్గర్లోనే నరికారు. తుని మాకు ఎంత దూరం? ఇద్దరూ మండలాల్లో తిరిగి రాసేవాళ్ళే. చచ్చేది ఎప్పుడూ కింది మెట్టువాడే. స్టూడియోలో అరిచేవాడికి గన్‌మెన్ ఉంటారు.

నోరు విప్పితే ఏమవుతుందో మావాళ్ళు 2020లో చూశారు కూడా. మాస్కులు లేవని అడిగిన నర్సీపట్నం డాక్టర్ సుధాకర్‌ను ముందు సస్పెండు చేశారు. తర్వాత మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు చేతులు వెనక్కి కట్టి పడేస్తే ఊరంతా ఫోన్లలో చూసింది. హైకోర్టు సీబీఐకి అప్పగించింది. మరుసటి ఏడు ఆయన పోయాడు. 2020 మే నెలలోనే ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ పన్నెండుమందిని బలితీసుకుంటే, దాని మీద ఫేస్‌బుక్‌లో నాలుగు ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరులో ఒక పెద్దావిడకు సీఐడీ నోటీసిచ్చింది. ఇవన్నీ చూసినవాడికి "ఓ ప్రైవేటు పరిశ్రమ" అని రాయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి మా రోజుల్లో ఏముంది, ఇప్పుడేం లేదు అంటారా? మా రోజుల్లో నిజనిర్ధారణ కమిటీలుండేవి. ఎమర్జెన్సీ పోయాక 1977లో తార్కుండే కమిటీ వచ్చి ఎన్‌కౌంటర్ల బొంకులు బయటపెట్టింది. హక్కుల లాయరు కన్నబిరాన్‌గారు కోర్టులో నిలబడేవారు. హక్కుల కార్యకర్త బాలగోపాల్ చేతిసంచీ పట్టుకుని బస్సు దిగి, ఊళ్ళో నడిచి, రెండు వైపులవాళ్ళనూ అడిగి రాసుకునేవాడు. పోలీసు చంపినా రాసేవాడు, నక్సలైటు చంపినా రాసేవాడు. అదండీ పర్యవేక్షణంటే. ఆయన పెట్టిన హ్యూమన్ రైట్స్ ఫోరం వాళ్ళు ఇప్పటికీ మా సెజ్‌లో ప్రమాదం జరిగితే వస్తారు, కార్మికుల ఇళ్ళకు వెళ్తారు. నలుగురో అయిదుగురో. వాళ్ళ ప్రకటన పేపర్లో లోపలి పేజీలో రెండంగుళాలు పడితే గొప్ప.

అందుకని నా సణుగుడు సారాంశం చెబుతాను. బయటివాళ్ళను రానివ్వండి, రాసుకోనివ్వండి. వాళ్ళ రాతలో తప్పుంటే తప్పని చూపించండి, వీసా ఆపకండి. వాళ్ళు లేకపోతే ఎమర్జెన్సీలో మాకు దిక్కుండేది కాదు. కానీ వాళ్ళు మన ఇల్లు ఊడ్చిపెడతారని కూర్చుంటే మాత్రం మనంత వెర్రివాళ్ళు లేరు. పారిస్‌వాడు మనకు 151 వేసినా 51 వేసినా, మా కుర్రాడి లైన్ అకౌంట్ ఒక్క రూపాయి పెరగదు.

పని ఇక్కడ ఉంది. పేపరు యజమానులు మండల విలేకరికి జీతమివ్వండి, యాడ్ల పని వేరేవాళ్ళకు అప్పగించండి. ఫ్యాక్టరీ తనిఖీ నివేదికలు సెజ్ గేటు దగ్గర తెలుగులో అంటించండి, అప్పుడు ఆ వార్త రాయడానికి ఎవడికీ ధైర్యం అక్కర్లేదు. ప్రభుత్వం ఎవరిదైనా సరే, ఒక చానల్ కేబుల్లో పోతే ఆ చానల్ అంటే గిట్టనివాళ్ళే ముందు కేబుల్ ఆఫీసుకు వెళ్ళి అడగండి. గుడి మీద రాయి పడ్డా చర్చి మీద పడ్డా, ఎవడు వేశాడో తేలేదాకా ఫోను జేబులో పెట్టుకోండి. ఇక పాఠకులు, మీరు కూడా. నెలకో సినిమా టికెట్టు డబ్బు పెట్టి పేపరు కొనండి, కొన్నాక మంగలి షాపులోవాళ్ళలా నిలదీయండి, కంపెనీ పేరేదిరా అని.

ఇవేవీ చెయ్యలేమంటారా? అయితే వచ్చే మే నెలలో ఆ అంకె చూసి గుండెలు బాదుకోకండి. నాకు మధ్యాహ్నం నిద్ర చెడుతోంది.